146 అన్నారు, 149 అన్నారు: గర్భంలో షుగర్ పరీక్షలతో నా అనుభవం

2024 అక్టోబరు 9 బుధవారం, దసరా ఉత్సవాల్లో మూలా నక్షత్రం రోజు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో ఉన్నందున బెజవాడ సగం రోడ్లలో వాహనాలను మళ్ళించారు. సత్యనారాయణపురంలోని మా ఇంటి నుంచి పట్టణ ఆరోగ్య కేంద్రానికి ఆటోలో పది నిమిషాలు పట్టే దారికి ఆ రోజు నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి నాకు సరిగ్గా ఇరవై ఐదు వారాలు నిండాయి. నిజానికి నేను సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు డాక్టరుగారి దగ్గర చూపించుకుంటున్నాను. తల్లీబిడ్డల కార్డు కోసం, ఐరన్ మాత్రల కోసం మాత్రమే ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించుకున్నాను. ప్రతి నెలా తొమ్మిదో తేదీన గర్భిణులను ప్రత్యేకంగా చూస్తారు కాబట్టి తప్పకుండా రమ్మని మా వీధి ఆశా కార్యకర్త రెండు రోజుల ముందే ఫోన్ చేసింది. సెప్టెంబరులో బుడమేరు వరద పనుల్లో వాళ్ళంతా తలమునకలై ఉండటంతో ఆ నెల నేనూ వెళ్ళలేదు, వాళ్ళూ అడగలేదు.

ఏఎన్‌ఎం నన్ను చూడగానే అడిగిన మొదటి ప్రశ్న "తిని వచ్చావామ్మా?" అని. ఉదయం ఏడున్నరకు మూడు ఇడ్లీలు తిన్నానని భయపడుతూ చెప్పాను, పరగడుపున రానందుకు తిడుతుందేమోనని. "తింటే మంచిదే, ఈ పరీక్షకు తినకుండా రావక్కరలేదు" అంటూ 75 గ్రాముల గ్లూకోజు పొడిని స్టీలు గ్లాసులో సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఇచ్చింది. గటగటా తాగకుండా, అలాగని పది నిమిషాలు దాటకుండా తాగమన్నది. ఆ తీపిని పానకంతో పోల్చలేను, ఎందుకంటే పానకంలో మిరియాలూ యాలకులూ ఉంటాయి; ఇది ఒట్టి తీపి, గొంతులో జిగురులా పట్టుకునేది.

రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాను. నా పక్కన కృష్ణలంక నుంచి వచ్చిన అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయి, నాలుగిళ్ళలో పని చేస్తుందట. ఆ పూట ఒక ఇంటి పని మానుకుని వచ్చింది. రేపు మళ్ళీ పరగడుపున రమ్మంటే రాలేనని ముందే ఏఎన్‌ఎంతో ఖరాఖండిగా చెప్పేసింది. తర్వాతి రోజుల్లో ఈ పరీక్షను తేలిగ్గా తీసిపారేయాలని నాకు అనిపించిన ప్రతిసారీ ఆ అమ్మాయే గుర్తుకు వచ్చేది. ఆమెకు 112 వచ్చింది. నాకు వేలి చుక్కతో గ్లూకోమీటరులో 146 వచ్చింది. 140 లేదా ఆపైన ఉంటే గర్భంలో షుగర్ కింద లెక్క కాబట్టి, నా కార్డు మీద ఎర్ర పెన్నుతో 'జీడీఎం' అని రాశారు. ఆ మూడు అక్షరాలు ఎంత దూరం వెంట వస్తాయో నాకు అప్పుడు తెలియదు.

ఆటోలో ఏడ్చాను. తొమ్మిదో వారంలో, అంటే జూన్‌లో, చేసిన పరీక్షల్లో పరగడుపు షుగర్ 84, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.4 వచ్చాయి కదా, ఇంతలో ఏమైంది, నేనేం తిన్నాను అని నన్ను నేనే దోషిగా నిలబెట్టుకున్నాను. "మా ఇంటావంటా ఎవరికీ లేదే" అని అత్తయ్య అన్న మాటలో తప్పేమీ లేకపోయినా ఆ రాత్రి అది ముల్లులా గుచ్చుకుంది. గుంటూరు నుంచి అమ్మ ఫోన్‌లో తన కాలం సంగతి చెప్పింది: 1993లో నా కడుపుతో ఉన్నప్పుడు మూత్రంలో నీలి రంగు ద్రావణం పోసి దీపం మీద వేడి చేసేవాళ్ళట, ఇటుక రంగుకు తిరిగితే షుగర్ ఎక్కువున్నట్టట. "నాకు ఆకుపచ్చకు తిరిగింది, ఏం కాదన్నారు, నువ్వు మూడు కిలోల పైన పుట్టావు" అన్నది. ఓదార్పుగా చెప్పిందే గానీ నాకు ధైర్యం రాలేదు. గర్భిణులకు రక్తంలో షుగర్ మామూలుగా ఉన్నా మూత్రంలోకి కొంత దిగుతుంది కనుక ఆ పరీక్షను నమ్ముకుని నిర్ణయాలు చేయరని తర్వాత డాక్టరుగారు చెప్పారు.

మరునాడు సాయంత్రం సూర్యారావుపేటలో గంటా నలభై నిమిషాలు కాచుకున్నాక లోపలికి పిలిచారు. ఫీజు ఐదు వందలు. డాక్టరుగారు కార్డు చూసి రెండు విషయాలు చెప్పారు. ఒకటి, గ్లూకోమీటరు లెక్క ల్యాబ్ లెక్కకు 15 శాతం దాకా అటూ ఇటూ ఉండవచ్చు. పైగా గ్లూకోజు తాగిన తర్వాత వేలి చుక్కలో వచ్చే అంకె నరంలోంచి తీసిన రక్తంలో కన్నా కొంత ఎక్కువగానే ఉంటుంది. రెండు, నాది 140కి మరీ దూరం కాదు. అందువల్ల ల్యాబ్‌లో పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగిన గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి, మొత్తం మూడుసార్లు రక్తం తీయించుకుని రమ్మన్నారు. ఆరోగ్య కేంద్రం వాళ్ళు చేసింది తప్పా అని అడిగాను. "తప్పు కాదమ్మా. చెన్నైలో షుగర్ డాక్టరు శేషయ్యగారు మన దేశపు ఆడవాళ్ళ కోసమే ఆలోచించి తెచ్చిన పద్ధతి అది. ఆకలితో అంత దూరం రానక్కరలేదు, ఒక్క పూటలో తేలిపోతుంది, ఖర్చు లేదు. ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా దాన్నే చేయమంటాయి. నీకు వీలుంది కాబట్టి ఇంకో కొలతతో చూద్దామంటున్నాను, అంతే" అన్నారు.

పండుగ రోజుల్లో ల్యాబ్‌లు సరిగా తెరవవు కాబట్టి 14 సోమవారం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నాలుగు రోజులూ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది: భయంతో అన్నం పూర్తిగా మానేశాను. చక్కెర పొంగలి ప్రసాదాన్ని కళ్ళకు అద్దుకుని పక్కన పెట్టాను. రెండు పూటలా ఉడికించిన గుడ్లు, కీరా ముక్కలతో సరిపెట్టుకున్నాను. పరీక్షకు ముందు కనీసం మూడు రోజులు మామూలుగా అన్నం తినాలనీ, మానేస్తే శరీరం ఒక్కసారిగా పడిన గ్లూకోజును సరిగా సర్దుకోలేక అంకె తప్పుగా పెరగవచ్చనీ నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

సోమవారం ఉదయం ఏడింటికి ఇంటికి దగ్గరగా ఉన్న ఒక ల్యాబ్‌కు వెళ్ళాను. నాలుగు వందలు ముందే కట్టించుకున్నారు. ముందు రోజు రాత్రి తొమ్మిది తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఖాళీ కడుపులో ఆ తీపి పడిన ఇరవై నిమిషాలకు వాష్‌బేసిన్ దాకా కూడా వెళ్ళలేక అక్కడే వాంతి చేసుకున్నాను. ఆ సిగ్గుతో తల ఎత్తలేకపోతుంటే, అక్కడి కుర్రాడు "ఏం పర్లేదు మేడమ్, ఇంకో సగం గ్లాసు తాగండి, సరిపోతుంది" అని మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. ఎందుకో మనసొప్పక డాక్టరుగారి క్లినిక్‌కు ఫోన్ చేశాను. అరగంట లోపు వాంతి అయితే ఆ పరీక్ష చెల్లదు, ఇంకో రోజు మొదటి నుంచి చేయాలి, మధ్యలో మళ్ళీ తాగించడమనేది లేదు అన్నారు. ల్యాబ్ వాళ్ళు డబ్బు వెనక్కి ఇవ్వలేదు. రక్తం ఒకసారి తీశాం కదా అన్నారు. ఆ ఒక్క పరగడుపు రిపోర్టు కూడా మర్నాటి సాయంత్రానికి గానీ రాలేదు, 79 అని.

ఆ 79 చూసి నేను సంబరపడితే, డాక్టరుగారు ఆ రక్తాన్ని ఎక్కడ పరీక్షించారని అడిగారు. కనుక్కుంటే, అక్కడ రక్తం తీసుకోవడం వరకే. పరీక్ష వేరే చోట, వ్యాను మధ్యాహ్నం వచ్చి పట్టుకుపోతుందట. తీసిన రక్తం అలా నిలవ ఉంటే అందులోని కణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి, గంటకు ఐదారు శాతం చొప్పున అంకె తగ్గిపోతుంది. బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో తీస్తే ఆ తగ్గుదలను అదుపు చేసే మందు ఉంటుంది గానీ, అదీ వెంటనే పని చేయదు, ఒకటి రెండు గంటలు పడుతుంది. కాబట్టి రక్తం తీసిన చోటే యంత్రం ఉన్న ల్యాబ్ అయితే మేలని ఆవిడ సలహా. ఈ షుగర్ పరీక్షల పద్ధతుల తేడాల గురించి ఎంత చదివినా, గొట్టం మూత రంగు చూసుకోవాలని నాకు ఎక్కడా కనిపించలేదు.

మూడు రోజులు పప్పూ అన్నం, మజ్జిగన్నం మామూలుగా తిని 18 శుక్రవారం మళ్ళీ వెళ్ళాను, ఈసారి సూర్యారావుపేటలోనే, యంత్రం అక్కడే ఉన్న చోటికి. ఇంకో నాలుగు వందలు. గ్లూకోజు నీళ్ళలో అర చెక్క నిమ్మరసం పిండుకోవడానికి ఒప్పుకున్నారు. చల్లటి నీళ్ళతో కలిపారు. ఏడెనిమిది నిమిషాలు తీసుకుని గుటక గుటకగా తాగాను. ఆ తర్వాత రెండు గంటలూ కదలకుండా ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. మెట్లు దిగి టీ కొట్టు దాకా నడిచి వద్దామని మావారు అంటే, నడిస్తే లెక్క మారుతుందని కౌంటరులో అమ్మాయి వారించింది. నలభయ్యో నిమిషంలో కడుపులో తిప్పింది. గోడ గడియారం ముల్లునే చూస్తూ, ఇంకొక్క నాలుగు వందలు పోతే పోయాయి గానీ ఈ గ్లాసు మళ్ళీ తాగలేను స్వామీ అని దణ్ణం పెట్టుకున్నాను. నిలిచింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు రిపోర్టు: పరగడుపున 88, గంటకు 171, రెండు గంటలకు 149.

మర్నాడు డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాం. పది రోజుల లోపు వస్తే ఫీజు లేదన్నారు, చిన్న సంతోషం. ఆవిడ ఆ మూడు అంకెల పక్కన పెన్సిలుతో మరో మూడు అంకెలు రాశారు: 92, 180, 153. వీటిలో ఏ ఒక్కదాన్ని అందుకున్నా, దాటినా గర్భంలో షుగర్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఒప్పుకున్న లెక్క. ఆ లెక్కలో నాకు షుగర్ లేదు. కింద గీత గీసి 140 అని రాశారు. ఆరోగ్య కేంద్రం చూసే రెండు గంటల అంకె అదొక్కటే. ఆ లెక్కలో 149 అంటే షుగర్ ఉన్నట్టే. ఒకే కాగితం మీద ఒకే రక్తానికి ఉంది, లేదు రెండూ రాసి ఉన్నాయి.

"ఇంతకీ నాకు ఉన్నట్టా, లేనట్టా మేడమ్?" అని అడిగాను. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, తొమ్మిది దేశాల్లో సుమారు పాతిక వేల మంది గర్భిణులను గమనిస్తే, తల్లి షుగర్ పెరిగే కొద్దీ బిడ్డ బరువు, ఆపరేషన్ కాన్పులు మెల్లమెల్లగా పెరుగుతూ పోయాయే తప్ప, ఫలానా అంకె దగ్గర ఒక్కసారిగా ప్రమాదం మొదలైన చోటు కనిపించలేదట. "గీత రక్తంలో లేదమ్మా, మేం గీసుకున్నాం. 139కి నిద్రపోయి 141కి ఏడవడంలో అర్థం లేదు. నువ్వు మధ్యలో ఉన్నావు. రెండు వారాలు తిండి సర్దుకుని, ఇంట్లో వేలు గుచ్చుకుని చూసుకో. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉంటే మందుల మాటే లేదు" అన్నారు. ఆ మాటతో కొంత కుదుటపడ్డాను. ఉంది అనో లేదు అనో ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకా బాగుండేదని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

గ్లూకోమీటరు, పాతిక స్ట్రిప్‌లు కలిపి పన్నెండు వందల యాభై. రోజుకు నాలుగు చొప్పున రెండు వారాలకు యాభై ఆరు స్ట్రిప్‌లు కావాలి కాబట్టి ఇంకో యాభై స్ట్రిప్‌ల డబ్బా తొమ్మిది వందల యాభై. ఆహార నిపుణురాలికి ఆరు వందలు. ఆవిడ ఇచ్చిన అచ్చు కాగితంలో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ ఉన్నాయి. మా ఇంట్లో అవి ఎవరూ తినరు. నాకు పనికొచ్చింది నేను నోటు పుస్తకంలో రాసుకున్న నా అంకెలే. మూడు ఇడ్లీలు కొబ్బరి చట్నీతో తింటే రెండు గంటలకు 126. రెండు పెసరట్లు అల్లం పచ్చడితో తింటే 104. బొంబాయి రవ్వ ఉప్మా 131. ఒక కప్పు అన్నం, ముద్దపప్పు, తోటకూర వేపుడు, మజ్జిగ కలిపి 113. అందరూ షుగర్‌కు మంచిదని చెప్పే రాగిజావ పెద్ద గ్లాసు తాగితే 138! జావగా కాచి తాగితే తొందరగా రక్తంలోకి దిగుతుందని తర్వాత తెలిసింది. అదే రాగి సంకటి చిన్న ముద్ద కూరతో తింటే 115 దాటలేదు. ఇవన్నీ నా ఒంటికి వచ్చిన అంకెలు. ఇంకొకరికి ఇలాగే రావాలని లేదు.

27వ తేదీ ఆదివారం సీమంతం. ఏడో నెల, ముహూర్తం ముందే పెట్టుకున్నది, ఆపలేం. అరిసెలూ బూందీ లడ్డూలూ పళ్ళాల్లో సర్ది వచ్చినవాళ్ళకు నా చేత్తోనే ఇప్పించారు. నేను మాత్రం ఒక్కటీ నోట పెట్టలేదు. భోజనమైన రెండు గంటలకు గదిలోకి వెళ్ళి వేలు గుచ్చుకుంటే 189. గుండె జారిపోయింది. తలుపు గడియ పెట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాను. అమ్మ వచ్చి తలుపు కొట్టి, విషయం విని, నా చెయ్యి పట్టుకుని చూసి, "వేళ్ళన్నీ పాకమే, ముందు చెయ్యి కడుక్కోవే" అన్నది. సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని ఇంకో వేలికి గుచ్చుకుంటే 117. ఆ రోజు నుంచి చెయ్యి కడగకుండా సూది ముట్టుకోలేదు. సూదిని వేలి కొసన మెత్తటి చోట కాకుండా పక్క అంచున గుచ్చితే నొప్పి తక్కువ అని కూడా అమ్మే కనిపెట్టింది, మా నాన్నగారికి అలవాటైన పనట అది. మా వైపు ఉందన్న సంగతి అలా, సీమంతం నాడు, నాకు తెలిసింది. జూన్‌లో డాక్టరుగారు ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే లేదని చెప్పాను!

నవంబరు 2న నోటు పుస్తకంతో వెళ్ళాను. పరగడుపు అంకెలు 82 నుంచి 90 మధ్య. తిన్న తర్వాతవి మొదటి వారంలో ఆరుసార్లు 120 దాటాయి, రెండో వారంలో ఒక్కసారి, అదీ దీపావళి నాడు అర ముక్క కాజాకు. మందులు అక్కర్లేదు, ఇకపై వారానికి ఒక రోజు చూసుకుంటే చాలన్నారు.

ఆ రాత్రే డల్లాస్‌లో ఉండే మా తోడికోడలు ఫోన్ చేసింది. అక్కకు రెండేళ్ళ క్రితం కాన్పు. అక్కడ ముందు తిన్నా తినకపోయినా 50 గ్రాముల గ్లూకోజు తాగించి గంటకు ఒక్కసారి రక్తం తీశారట. 143 రావడంతో మరో రోజు పరగడుపున 100 గ్రాములు తాగించి మూడు గంటల్లో నాలుగుసార్లు తీశారట. వాళ్ళ గీతలు 95, 180, 155, 140. వాటిలో రెండు దాటితేనే షుగర్. అక్కకు గంటది ఒక్కటే 186 వచ్చింది. "ఒకటే కదా, లేదు పొమ్మన్నారు. అదే నీలాగ అక్కడుంటే ఉందనేవాళ్ళేమో" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ 186ను నా కాగితం పక్కన పెట్టి చూడకూడదు. ఆమె తాగినది వంద గ్రాములు, నేను తాగినది డెబ్బై ఐదు. తర్వాతి చూపుకు వెళ్ళినప్పుడు డాక్టరుగారిని అడిగితే, అమెరికాలో ఇరవై మూడు వేల మందికి పైగా గర్భిణులను ఈ రెండు దారుల్లో విడదీసి చూసి 2021లో ప్రచురించిన ఫలితాలు చెప్పారు: ఒకే దశ పరీక్షలో 16.5 శాతం మందికి, రెండు దశల పరీక్షలో 8.5 శాతం మందికి షుగర్ అని తేలిందట. పుట్టిన బిడ్డల బరువులో, ఆపరేషన్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదట. మరి ఎక్కువ మందిని ఎందుకు భయపెట్టడం అన్నాను. రెండో దశకు మళ్ళీ రానివాళ్ళ సంగతేమిటి అన్నారు ఆవిడ. కృష్ణలంక అమ్మాయి మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది.

ధనుర్మాసం రాకముందే, డిసెంబరు 8న, పురిటికి గుంటూరు తీసుకువెళ్ళారు. కొత్తపేటలో చూపించిన డాక్టరుగారు ఫైలు తిరగేసి, 88, 171, 149 చూసి, పది సెకన్లలో "ఇది నార్మలే కదమ్మా" అన్నారు. రెండు నెలల పాటు నేను గుచ్చుకున్న వేళ్ళన్నీ ఒక్కసారి సలిపినట్టయింది. ముప్పై ఆరో వారం స్కానులో బిడ్డ పొట్ట చుట్టుకొలత మామూలుగానే ఉంది, బరువు సుమారు 2.6 కిలోలు.

జనవరి 17న, కనుమ వెళ్ళిన రెండో రోజు, మామూలు కాన్పే అయింది, పాప 2.9 కిలోలు. గంట తిరగకుండానే నర్సు వచ్చి పాప మడమ గుచ్చి రక్తం చుక్క తీసింది. ఎందుకని అడిగితే, నా తల్లీబిడ్డల కార్డు చూపించింది: ఎర్ర పెన్నుతో 'జీడీఎం'. షుగర్ ఉన్న తల్లి బిడ్డకు పుట్టగానే షుగర్ పడిపోవచ్చు కాబట్టి చూడాలి, పిల్లల డాక్టరుగారు రాశారు అంది. పెద్ద డాక్టరుగారు నార్మల్ అన్నారని చెప్పాను. "కార్డులో అలా లేదు కదమ్మా" అంది. ఆ రోజంతా పాలు పట్టే ముందు మొత్తం నాలుగుసార్లు ఆ చిన్న మడమను గుచ్చారు. అన్నీ బాగానే వచ్చాయి. నా వేలికి వంద సార్లకు పైగా గుచ్చుకున్నాను, ఒక్కసారీ కన్నీళ్ళు రాలేదు. ఆ నాలుగుసార్లూ అటు తిరిగి కూర్చున్నాను. వాళ్ళ మీద కోపం రాలేదు. అక్టోబరు 19న ఆ కాగితం మీద ఉన్న రెండు జవాబుల్లో ఏది కార్డులోకి ఎక్కాలో ఎవరో ఒకరు తేల్చి రాయించి ఉండాల్సింది, నేనైనా అడిగి ఉండాల్సింది.

ఫిబ్రవరి 28న, సరిగ్గా ఆరు వారాలకు, చివరి పరీక్ష: పరగడుపున ఒకసారి, 75 గ్రాములు తాగిన రెండు గంటలకు ఒకసారి. పాపను ఇంట్లో వదిలి వెళితే రెండు గంటలు ఆగదు కాబట్టి అమ్మనూ పాపనూ వెంటబెట్టుకుని గుంటూరులో ల్యాబ్‌కు వెళ్ళాను. గ్లూకోజు తాగి, వెనక గదిలో పాపకు పాలు పట్టి, మళ్ళీ వచ్చి చెయ్యి చాచాను. ఈసారి వాంతి రాలేదు. గొట్టం మూత బూడిద రంగే అని చూసుకున్నాను. 86, 118. లెక్క చూస్తే వాంతితో పోయిన నాలుగు వందలు, రెండో పరీక్ష నాలుగు వందలు, మీటరు, తర్వాత కొన్నదానితో కలిపి రెండు డబ్బాల స్ట్రిప్‌లు, ఆహార నిపుణురాలి ఆరు వందలు, రెండుసార్లు డాక్టరు ఫీజు అన్నీ కలిపి ఐదు వేల ఐదు వందల యాభై; ఆటోలు, ఈ చివరి పరీక్ష వేరు.

ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించుకుంటూ ఉండమని డాక్టరుగారు రాశారు. కార్డులో ఎర్ర అక్షరాల కింద ఆ రెండు అంకెలూ తేదీతో సహా రాయించుకుని ఇంటికి వచ్చాను.